రొయ్యపిల్లలకు పోసిన మంచినీళ్ళు

పావని పురిటికి మా ఇంటికొస్తూ రెండు పెట్టెలూ ఒక గాజు తొట్టీ తెచ్చుకుంది. పెట్టెలు డిక్కీలో పడేసి, తొట్టిని మాత్రం కాళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని కోర్బా నుంచి మోప్కాలో మా ఇంటి దాకా అలాగే కూర్చుని వచ్చింది. ఏడో నెల. నాకు ఒళ్ళు మండింది. ఏటే ఇది, కడుపుతో ఉన్నదానివి ఈ బరువులేటి, చేపల సరదా ఇప్పుడే పుట్టిందా అని గేటు దగ్గరే మొదలుపెట్టాను. చేపలు కావత్తా, రొయ్యలు అంది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. గోరంత గోరంత ఎర్ర రొయ్యలు, నాచు మీద పాకుతున్నాయి. అందులో ఒకటి రాయి వెనకాల నక్కి ఉంది. దాని పొట్ట కింద పసుప్పచ్చ గుడ్లు గుత్తిగా ఉన్నాయి. కాళ్ళతో వాటిని అదే పనిగా విసురుకుంటోంది. నేను లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. 

పావని నా తమ్ముడి కూతురు. దాని తల్లి పోయి మూడేళ్ళయింది, కాబట్టి పురుడు పోసే భారం మేనత్తనైన నా మీద పడింది. భారమని అంటున్నాను గానీ, నాకు పిల్లల్లేరు, ఆయన పోయారు, అది వస్తానంటే పండగే. భయం వేరే. దానికి ఇదివరకు రెండు పోయాయి. మొదటిది మూడో నెలలో. రెండోది ఆరో నెలలో, స్కాన్ బాగుందని మిఠాయిలు పంచుకున్న నాలుగో రోజున. ఈసారి అందరం నోరు మూసుకుని రోజులు లెక్కపెడుతున్నాం. ఇది రాస్తున్న ఇవాళ్టికి ఇంకా మూడు వారాలుంది.

మా వంశంలో ఒక కథ ఉంది. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో ఎవరో ఒకరు అందుకుంటారు. తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నప్పుడు నాన్న అర్పా ఏట్లోంచి కూరకి రొయ్యలు పట్టుకొస్తే, అందులో గుడ్లతో ఉన్నదాన్ని అమ్మ వండనివ్వలేదట. గాజు తొట్టిలో పెట్టించి, దీని పిల్లలు బతికితే నా బిడ్డా బతుకుతాడు అందట. అవి బతికాయట, వీడూ బతికాడట. అందుకే యాభై దాటినా మా వాడు చుట్టాలందరికీ రొయ్యబాబే. పావని ఈ కథ వింటూ పెరిగింది. తొట్టిని నా హాల్లో బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి, లైటు వేసి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని అంది కదా, "పప్పా కే టైమ్ లో అలాగే అయింది కదత్తా. ఇవి బతికితే నాది కూడా బతుకుద్ది." నేను అచ్ఛా అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ కథలో నేనూ ఉన్నాను, రొయ్యపిల్లలకి గుడ్డు పచ్చసొన తినిపించిన ఎనిమిదేళ్ళ అక్కగా. కథలో లేనిది ఒకటుంది. ఆ పిల్లలు బతకలేదు. ఒక్కటంటే ఒక్కటి బతకలేదు. ఆ సంగతి తెలిసిన ముగ్గురిలో ఇద్దరు పోయారు. కాదు, తెలిసింది ఇద్దరికే అనుకోవాలి. అమ్మకి తెలుసో లేదో నాకు నేటికీ తెలీదు.

మాది రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో ఏ మూల ముక్కు పెట్టినా బొగ్గే. సిగిడీ అనే బొగ్గుల పొయ్యి పొగ, గోడలకి మసి, నాన్న ఖాకీ బట్టల్లో నూనె వాసన, ఆ నూనె వదలడానికి మామ్మ వాడే సోడా వాసన. షెడ్డు సైరన్ని బట్టే మా ఇంట్లో తిండీ నిద్రా నడిచేవి. మామ్మ అంటే నాన్న తల్లి. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక రాగి బిందె తెచ్చుకుంది. ట్రంకు పెట్టె మాకందరికీ ఇచ్చేసింది, బిందెని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. సాయంత్రం కుళాయి వచ్చే వేళకి చింతపండూ బూడిదా కలిపి, చేతులు నొప్పెట్టేలా తోమేది. ఎర్రగా మెరిసేదాకా వదిలేది కాదు. దాన్నిండా నీళ్ళు పట్టి, ఒక తులసాకు వేసి, రాత్రంతా ఉంచి, పొద్దున్న మొదటి గ్లాసు అమ్మకి తాగించేది. తక్కినవాళ్ళం మట్టికుండ నీళ్ళు తాగేవాళ్ళం. నాకు ఒళ్ళు కాలితే మాత్రం ఒక గ్లాసు దక్కేది. ఆ నీళ్ళు తాగితే రోగం పోతుందని మామ్మ అనేది, నేను నమ్మేదాన్ని. జ్వరం తగ్గేది కూడానూ.

నాకూ తమ్ముడికీ మధ్య ఇద్దరు పుట్టారు. పేర్లు పెట్టే లోపలే పోయారు. మూడోసారి కడుపు నిలిచాక రైల్వే డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. మామ్మ ఎంత తిట్టినా జవాబిచ్చేది కాదు. ఆ గుడ్ల రొయ్య మా ఇంటికొచ్చిన రోజునే మళ్ళీ ఆమె గొంతు విన్నాను. నాన్న పాత సామాన్ల కబాడీ దుకాణంలో అద్దం ముక్కలూ ఇనుప యాంగిల్సూ కొని, లప్పం పెట్టి, కారే చోట తారు మెత్తి తొట్టి చేశాడు. మామ్మ తల బాదుకుంది. నీచు పురుగుని నట్టింట్లో పెట్టి పూజ చేస్తారా అంది. అయినా తొట్టి అమ్మ మంచం పక్కన స్టూలు మీదకి చేరింది. అమ్మ ఇటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. అప్పుడే ఆ మాట అంది, దీని పిల్లలు బతికితే నా బిడ్డా బతుకుతాడని. నాన్న నవ్వలేదు, వద్దనలేదు. సైకిలు తీసి ఏటి నీళ్ళకి వెళ్ళాడు.

వారం తిరక్కుండా పిల్లలు దిగాయి. అవి కనపడేవి కావు. పక్కనుంచి వెలుతురు పడితే మాత్రం నీళ్ళలో జంట నల్లచుక్కలు, కళ్ళన్నమాట, వందల్లో తేలుతుండేవి. నాన్న రోజూ ఉడికిన గుడ్డు పచ్చసొనని పల్చటి బట్టలో పెట్టి నీళ్ళలో రెండు చుక్కలు పిండడం నేర్పాడు. రెండే చుక్కలు, మూడోది పడితే నీళ్ళు కుళ్ళిపోతాయని. పొద్దునా సాయంత్రం గ్లాసుతో నీళ్ళు ఎత్తి పైనుంచి పోయమన్నాడు, గాలి అందాలని. మూడు రోజులకొకసారి ఏటి నీళ్ళు డబ్బాతో తెచ్చి మార్చేవాడు. వారం రోజులు ఇల్లు ఇల్లులా ఉంది. తర్వాత అవి పోవడం మొదలుపెట్టాయి. అమ్మ మోచేతి మీద లేచి లెక్కపెట్టేది. నలభై. మర్నాడు ముప్ఫై ఒకటి. ఆ మర్నాడు పంతొమ్మిది. లెక్క తగ్గిన రోజు అన్నం ముట్టేది కాదు. సరిగ్గా అప్పుడే షెడ్డులో ఎవరో సెలవు పెడితే నాన్నకి డబుల్ డ్యూటీ పడింది. ఏటి నీళ్ళు రాలేదు. తొట్టి నీళ్ళు పచ్చగా మారి వాసన కొట్టాయి. నాలుగు రోజులుగా అమ్మ ఏం తిన్నా కక్కేస్తోంది. ఇంట్లో ఏదో అవబోతోందని ఎనిమిదేళ్ళదాన్ని నాకే తెలిసిపోయింది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం మామ్మ కునుకు తీసింది. అమ్మ నిద్రపోతోంది. నేను చెంబుతో పాత నీళ్ళు జాగ్రత్తగా తోడేశాను, ఒక్క పిల్ల కూడా రాకుండా బట్ట అడ్డం పెట్టి మరీ. తర్వాత రాగి బిందెలో నీళ్ళన్నీ తెచ్చి పోశాను. మా ఇంట్లో అంతకంటే మంచినీళ్ళు లేవు. రోగాలు పోగొట్టే నీళ్ళు అవి. తిట్లు తినడానికి సిద్ధపడే పోశాను. సాయంత్రానికి తల్లి రొయ్య పక్కకి ఒరిగిపోయి కాళ్ళు కొట్టుకుంటోంది. పిల్లలు గిరగిరా తిరిగి అడుక్కి పడుతున్నాయి.  మామ్మ వాడే తువ్వాలు తెచ్చి తొట్టి మీద కప్పేశాను. అమ్మ ఏటే అది అంటే, వెలుతురు పడకూడదని నాన్న చెప్పాడన్నాను. అదే నేను అమ్మతో ఆడిన మొదటి పెద్ద అబద్ధం.

నాన్న తెల్లవారుతూ డ్యూటీ దిగి వచ్చాడు. తువ్వాలెత్తాడు. అన్నీ తెల్లగా, ఉడికినట్టు, అడుగున పడి ఉన్నాయి. తల్లి కూడా. ఏం చేశావని అడిగితే, మంచినీళ్ళు పోశాను నాన్నా, బిందెలోవి అన్నాను. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. మా ఊళ్ళో బతికున్న రొయ్యని రాగి గిన్నెలో వెయ్యరే అన్నాడు నెమ్మదిగా. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆ మసి చేతులు నా గౌను మీద అచ్చులు వేశాయి. "ఒలే గుంటా, ఈ మాట నీ నోట రాకూడదు. ఎప్పుడూ రాకూడదు. బయటికొచ్చిన నాడు ఆ బిడ్డ ఉండడు" అన్నాడు. అమ్మ వింటే తట్టుకోలేదని ఆయన భయం. అంతవరకే ఆయన మనసులో ఉండి ఉంటుంది. నేను విన్నది మాత్రం ఆయన అన్నది అన్నట్టే విన్నాను. ఎప్పుడూ అన్నాడు కాబట్టి ఎప్పుడూ అనే.

తొట్టి దొడ్లో కడిగేసి, గంఛా తువ్వాలు భుజాన వేసుకుని, డబ్బా పట్టుకుని సైకిలెక్కాడు. నిద్రలేని మనిషి. అమ్మ లేచేలోగా తిరిగొచ్చాడు, మోకాళ్ళదాకా బురదతో. నాచు మధ్య గంఛాతో పట్టిన రొయ్యపిల్లలు ఇరవై పైగా ఉన్నాయి, ఒక పెద్ద రొయ్య కూడా. అవి మావాటికంటే కాస్త ముదురు. అమ్మ లేచి ఇటు తిరిగింది. చాలాసేపు చూసింది. నాన్న బురద కాళ్ళు కూడా చూసింది. బాగున్నాయి అంది, అంతే. ఆ రోజు నుంచి అన్నం తింది. కానీ ఆ రోజు తర్వాత అమ్మ మళ్ళీ ఎప్పుడూ వాటిని లెక్కపెట్టలేదు.

తమ్ముడు పుట్టాడు. ఏడుపు విని మామ్మ గడప దగ్గరే కూలబడింది. కథ ఆ రోజే పుట్టింది, కాలనీ అంతా పాకింది. నేను నోరు మూసుకున్నాను. వాడికి దగ్గొస్తే, వాడు నిద్రలో కదలకపోతే, వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వాడికి నాలుగేళ్ళప్పుడు ఒకసారి కుళాయి దగ్గర స్నేహితురాలితో మొదలుపెట్టాను, మా రొయ్యలు నిజానికి అని. అంతే అన్నాను. ఆ సాయంత్రమే వాడికి జ్వరం నెత్తికెక్కి ఫిట్స్ వచ్చాయి. వాడి కళ్ళు తేలిపోవడం చూసి నేను వంటింట్లో నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న మనిషికి చెప్పలేదు. నాన్న ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో తమ్ముడు నర్సుకి తన రొయ్య కథ చెప్పి నవ్విస్తుంటే, నాన్న దుప్పటి కింద నుంచి నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. చెప్పమనో, చెప్పొద్దనో తెలీదు. నేను చెప్పొద్దనే అనుకున్నాను. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఇలాంటివి నమ్మొద్దని చెప్పినదాన్ని. ఏం చెయ్యను మరి.

ఇప్పుడు పావని తొట్టికి గాలి పంపుంది, లైటుంది, నీళ్ళు పరీక్ష చేసే కాగితప్పట్టీలున్నాయి. పచ్చసొన పిండే పని లేదు, పొడి డబ్బా వస్తుంది. దాని పిల్లలు దిగినప్పుడు చూస్తే, మావాటిలా కళ్ళచుక్కలు కావు, చీమతల కంటే చిన్న రొయ్యలే, మీసాలతో సహా. అర్పాలో రొయ్యలు పట్టే నీళ్ళెక్కడివి ఇప్పుడు, ఇసకే. మేం చిన్నప్పుడు మోప్కా అంటే పొలాలు, ఇప్పుడు ఇల్లు మీద ఇల్లు. అన్నీ మారాయి గానీ పొద్దున్నే స్టూలేసుకుని తొట్టి ముందు వంగి లెక్కపెట్టే ఆడమనిషి మారలేదు. ఇరవైనాలుగు అత్తా. ఇరవైనాలుగు. ఇవాళ ఇరవైరెండు. ఆ ఇరవైరెండు అన్నప్పుడు దాని గొంతు అచ్చం అమ్మదే. టిఫిను సగంలో వదిలేసి లేచింది. పెనం మీద దోసె మాడుతున్నా నాకు ధ్యాస లేదు. ఒకటీ అరా ఎక్కడన్నా పోతాయే అన్నాను. పప్పావి పోలేదు కదా అంది. నేను మాడిన దోసె తీసి పారేశాను.

ఇంతలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. కడుపుతో ఉన్న పిల్ల తాగే నీళ్ళని, స్నానం నీళ్ళని, పై టాంకు కడిగించాను. కామెర్లు అవీ వస్తాయని నా భయం. కడిగినవాడు ఒక గుప్పెడు బ్లీచింగ్ వేస్తే, చాలదు, ఇంకో గుప్పెడు వెయ్యి నాయనా అని దగ్గరుండి వేయించాను. పావని ఎప్పటిలాగే బకెట్టుకి నీళ్ళు పట్టి, ఒక రోజు ఉంచి, మర్నాడు సాయంత్రం తొట్టిలో పోసింది. ఆ తర్వాతి పొద్దున అల్లుడు రాయ్‌పూర్ నుంచి వచ్చి దాన్ని స్కానుకి తీసుకెళ్ళాడు. హడావుడిలో ఆ రోజు లెక్క పెట్టలేదు. వాళ్ళు వెళ్ళాక నేను స్నానానికి చెంబుడు నీళ్ళు మీద పోసుకున్నాను. ముక్కు మండింది. రెండ్రోజులుగా నీళ్ళు శుభ్రమయ్యాయని సంతోషపడ్డ బ్లీచింగ్ ఘాటే అది, తొట్టి మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. తడిబట్టతోనే హాల్లోకి పరిగెత్తాను. తొట్టి అడుగున అన్నీ తెల్లగా పడి ఉన్నాయి. రెండోసారి. మళ్ళీ నేనే, మళ్ళీ మంచి చేద్దామనే.

నాన్న ఏం చేశాడో అదే చేశాను. పొరపాటున కూడా ఇంకోటి తోచలేదు. ఆటో పట్టుకుని గోల్ బజార్ పోయి, చేపల దుకాణం తెరిపించి, ఎర్ర రొయ్యలు చిన్నవీ పెద్దవీ కలిపి సంచీలో కట్టించుకున్నాను. చిన్నవి ఇరవైరెండు కావాలి, లెక్క సరిగ్గా ఉండాలి అంటే దుకాణం మనిషి నావైపు వింతగా చూశాడు. దయాల్‌బంద్ దగ్గర ఆటో జాములో ఇరుక్కుంది. ఇంటికొచ్చేసరికి గేటు తీసి ఉంది. అల్లుడు దాన్ని దింపి మందుల కోసం వెళ్ళాడట. పావని తొట్టి ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. స్కాను కాగితాలు ఒళ్ళో ఉన్నాయి. అంతా బాగుందన్నారట. "పోయినసారి కూడా బాగుందనే అన్నారత్తా" అంది. అప్పుడు నా చేతిలో నీళ్ళ సంచీ చూసింది, అందులో ఎర్రగా కదులుతున్నవి చూసింది. ఇది ఏటి, నాకు తెలీకుండా మార్చేద్దామనా అని అడిగింది.

అబద్ధానికి నా దగ్గర మాట లేకపోయింది. సంచీ పట్టుకునే నిలబడి మొత్తం చెప్పేశాను, బిందె, తువ్వాలు, నాన్న బురద కాళ్ళు. నాన్న నా భుజాలు పట్టుకుని అన్న మాట ఒక్కటీ దాచుకున్నాను. అది మాత్రం నోట రాలేదు. పావని మెడ ఎత్తి నన్నే చూస్తోంది.

"అన్నీనా అత్తా?"

"అన్నీ. ఒక్కటి మిగల్లేదు. తల్లి కూడా పోయింది."

"అయినా పప్పా పుట్టాడు."

అవునన్నాను. ఈ వరసలో ఆలోచించడం నాకు యాభై ఏళ్ళలో ఒక్కసారీ చేతకాలేదు. అది కాగితాలు పక్కన పెట్టి, రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని గట్టిగా ఊపిరి తీసుకుంది. మొహంలోకి రంగొచ్చింది. ఆకలేస్తోంది అంది. నేను మాత్రం గోడ గడియారం వైపు చూశాను. తమ్ముడు రోజూ ఒంటిగంటకి, కోర్బా ప్లాంటులో భోజనం వేళ, ఫోను చేస్తాడు. స్కాను రోజు కాబట్టి ఒక నిమిషం ముందే చేస్తాడు. ఒంటిగంటయింది. ఫోను మోగలేదు. పావనికి అన్నం పెట్టాను, పప్పు వేశాను, నెయ్యి వేశాను. ఒంటిగంటా పది. నేనే చేశాను, ఎత్తలేదు. వాడికి బీపీ ఉంది. ప్లాంటులో నిచ్చెనలెక్కే పని. నోరు జారావే, యాభై ఏళ్ళు ఆపి ఇవాళ జారావే అని లోపల ఎవరో తిడుతున్నారు, నాన్న గొంతుతోనే. ఒంటిగంటా ఇరవై. పావని పెరుగు అడుగుతోంది. గిన్నె నా చేతిలోంచి జారి పడింది.

ఒంటిగంటా ఇరవైఐదుకి మోగింది. అక్కా, తిన్నావా, మీటింగులో ఇరుక్కున్నాను అన్నాడు. నేను పెరుగులోనే, నేల మీదే కూర్చుండిపోయాను.  పావని ఎంగిలి చేత్తోనే ఫోను లాక్కుంది. స్కాన్ ఠీక్ ఉంది పప్పా అంది. తొట్టిలోవన్నీ చచ్చిపోయాయి అంది.  "ఏం కాదు పప్పా. మీవి కూడా అన్నీ చచ్చిపోయాయంట, అత్త చెప్పింది. కొత్తవి తెచ్చింది, వాటిని ఊరికే పెంచుకుంటాం." తర్వాత ఫోను నా చెవికి పెట్టింది.

 వాడి ఊపిరి వినిపిస్తోంది. చిన్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్న ఊపిరే.

"నిజమేనా అక్కా?"

నిజమే అన్నాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు పోతావన్నాడురా నాన్న."